హవాయి చెప్పుల ఇన్‌స్పెక్టర్

పోయిన వారం మా అల్లుడు ఫోను తెచ్చి నా ముందు పెట్టి, "మామా, ఇదంతా నిజమేనా?" అని అడిగాడు. చలాన్ పడకుండా తప్పించుకునే మార్గాలట. నన్ను చదవనివ్వకుండా తనే పైకి చదివాడు. టోపీ పెట్టుకోని పోలీసుకు బండి ఆపే హక్కే లేదట. చలాన్‌లో పేరు తప్పు పడితే కేసు చెల్లదట. రాసిన పోలీసు కోర్టుకు రాకపోతే జడ్జిగారు కొట్టేసి ఇంటికి పంపిస్తారట. నాకు నవ్వాగలేదు. ఎందుకంటే ఇవన్నీ నాకు పాత చుట్టాలే. ఫోన్లు లేని రోజుల్లో ఇవి కృష్ణానగర్ టీకొట్ల దగ్గర పుట్టి, మధ్యాహ్నానికల్లా జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా ఎక్కి వచ్చేవి. అక్కడ వాటికోసం ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని నేనూ, మా హెడ్డు పెద్దసాబూ ఎదురుచూస్తూ ఉండేవాళ్లం.

బండ్లు నడిపే వయసులో ఉన్న మీకోసమే ఇది రాస్తున్నాను. బుద్ధులు చెప్పడానికి కాదు. బుద్ధులు చెబితే వినేవాళ్లయితే నాకు అన్నేళ్లు ట్రాఫిక్‌లో ఉద్యోగమే ఉండేది కాదు.

ఎనభైల చివర నన్ను చెక్‌పోస్టు డ్యూటీకి వేశారు. అప్పుడక్కడ ఈ అద్దాల మేడలు లేవు. బండరాళ్లు, ముళ్లపొదలు, మధ్య మధ్యన ఒక బంగళా. రోజూ ఎక్కడో ఒకచోట ఇల్లు కట్టడానికి రాళ్లు పేల్చేవాళ్లు. ఆ చప్పుడుకు రోడ్డు మీది బర్రెలు బెదిరి ఉరికేవి, వాటిని అదిలించడం కూడా మా డ్యూటీయే. సినిమావాళ్లు మద్రాసు నుంచి మూటాముల్లె సర్దుకొని వచ్చేస్తున్న రోజులవి. పొద్దున్నే కృష్ణానగర్ వైపు నుంచి స్కూటర్లు, ఆటోలు, ఒక్కో వ్యాన్‌లో కిక్కిరిసిన డ్యాన్సర్లు, అందరూ ఆ ఎత్తెక్కి ఫిల్మ్‌నగర్ వైపు పోయేవాళ్లు. ఎర్రలైటు లేదు, పచ్చలైటు లేదు. మా చెయ్యే సిగ్నల్.

మా డ్యూటీకి పెద్ద ఒక హెడ్ కానిస్టేబుల్. మేమంతా ఆయన్ని పెద్దసాబ్ అనేవాళ్లం. నల్లగొండ మనిషి. తెల్లచొక్కా మీద చిన్న మరక కనపడితే మమ్మల్ని వెనక్కి పంపి మార్చుకొని రమ్మనేవాడు. చలాన్ దగ్గర ఆయనకు చుట్టం లేదు, పక్కం లేదు. సొంత తోడల్లుడికే రాసి చేతిలో పెట్టాడనీ, దాంతో ఆ ఇంటివాళ్లు బోనాలకు పిలవడం మానేశారనీ చెప్పుకొనేవాళ్లం. ఆయన్ని అడిగే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

అలాంటి మనిషి దగ్గరా సినిమావాళ్ల తెలివితేటలు? అన్నిటికన్నా పెద్ద తెలివి ఫిల్మ్ డబ్బా. షూటింగ్ చేసిన ఫిల్మును గుండ్రటి రేకు డబ్బాలో పెట్టి, టేపు చుట్టి, ల్యాబుకు పంపేవాళ్లు. దాని మూత తీస్తే వెలుతురు తగిలి చేసిన షూటింగంతా మట్టిపాలు. ఆ నష్టం కట్టాల్సి వస్తే మా కానిస్టేబుళ్ల జీతాలు ఏడు తరాలకు చాలవు. అందుకని డబ్బా చూస్తే మాకు హడల్. ఇది కనిపెట్టినవాడెవడో గానీ, కృష్ణానగర్ అంతా చాటాడు. లైసెన్స్ లేనివాళ్లంతా ఒళ్లో ఒక డబ్బా పెట్టుకొని, "నెగెటివ్ అండీ, అర్జెంటండీ" అని మా ముందునుంచే దూసుకుపోయేవాళ్లు.

ఒక రోజు పెద్దసాబ్ అలాంటి ఒక డబ్బాను చేతిలోకి తీసుకొని, ముక్కు దగ్గర పెట్టుకొని గట్టిగా పీల్చాడు.

"నీ నెగెటివ్ ఇంగువ వాసనొస్తున్నదేంది బాబూ?"

"అది... కెమికల్ అండి."

"మా ఇంట్ల గూడ ఐతారం ఐతారం గదే కెమికల్ ఏస్తరు. తియ్ మూత."

లోపల పులిహోర. పెద్దసాబ్ చలాన్ రాశాడు గానీ దాన్ని ముట్టుకోలేదు. నాకు మాత్రం నోరూరింది, అబద్ధమెందుకు.

ఇంకొందరు పెద్ద పేర్లు చెప్పేవాళ్లు. ఫలానా హీరోగారి మేకప్‌మ్యాన్‌కి బావమరిదినండీ అంటే, "గట్లనా, ఆయననే రమ్మను, ఫోటో దిగుత. అప్పటిదాంక బండి గీడనే ఉంటది" అనేవాడు పెద్దసాబ్. చలాన్‌లో పేరు తప్పు పడితే చెల్లదని నమ్మి, కావాలని దొంగపేరు చెప్పిన మహానుభావుడొకడు ఉన్నాడు. తర్వాత బండి విడిపించుకోవడానికి వస్తే బండి కాగితాల్లో ఉన్న పేరుకూ చలాన్‌లో రాయించిన పేరుకూ పొంతన లేదు. తన బండి తనదేనని నిరూపించుకోలేక వారం తిరిగాడు పాపం.

సరే, అసలు సంగతికొస్తాను. అన్ని కిటుకులూ అయిపోయాక కృష్ణానగర్‌లో కొత్తగా ఇంకొకటి పుట్టింది. ఖాకీ బట్టలు కనపడితే ట్రాఫిక్‌వాళ్లు ఆపరు అని.

ఆ రోజు పొద్దున రద్దీ బాగా ఉంది. పెద్దసాబ్ నడిరోడ్డు మీద నిలబడి కృష్ణానగర్ వైపు బండ్లను చెయ్యెత్తి ఆపాడు. అందరూ ఆగారు. ఒక్క స్కూటర్ ఆగకుండా పక్కనుంచి తోసుకొచ్చింది. పెద్దసాబ్ నోట్లో విజిల్‌తో కోపంగా అటు తిరిగాడు. తిరిగినవాడు బిర్రబిగుసుకుపోయాడు. స్కూటర్ మీద ఖాకీ యూనిఫాం, మడత నలగని ఇస్త్రీ, తలమీద అంచు టోపీ, నల్లకళ్లద్దాలు, భుజాలకు మూడేసి నక్షత్రాలు. ఏ స్టేషన్‌కో కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్. విజిల్ కిందపడింది. బూట్లు రెండూ టక్కున కలిపి, నేల అదిరేలా సెల్యూట్ కొట్టాడు పెద్దసాబ్. నేను పరిగెత్తి మిగతా రెండు వైపులా ఆపి దారిచ్చాను.

ఆయన తలూపి వెళ్లిపోయి ఉంటే నేను మీకిది చెప్పేవాణ్ణే కాదు. అసలు ఇన్‌స్పెక్టర్లు అలాగే పోతారు. ట్రాఫిక్ హెడ్డు సెల్యూట్‌ను చూసీ చూడనట్టు పోవడమే మా డిపార్ట్‌మెంట్‌లో మర్యాద. ఈయన మాత్రం నడిరోడ్డు మీద స్కూటర్ ఆపాడు. ఒక కాలు కింద ఆనించాడు. కుడిచెయ్యి తీస్తే ఇంజన్ ఆగిపోతుందని భయం కాబోలు, ఎడమచేత్తో తిరుగు సెల్యూట్ కొట్టాడు. ఛాతీ విరిచి, గడ్డమెత్తి, ఎంత అందంగా కొట్టాడో!

పెద్దసాబ్ కళ్లు ఆ ఎడమచెయ్యి మీదినుంచి మెల్లగా కిందికి దిగాయి. నేలకానిన కాలికి హవాయి చెప్పు. నీలం పట్టీలు. ఒక పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకున్నాడు.

టీకొట్టు దగ్గర ముందు ఒకడు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. ఒక ఆటో అతను తల బయటపెట్టి, "అరెరే, సాబ్ చెప్పులకు సలాం కొట్టిండ్రోయ్!" అని అరిచాడు. పెద్దసాబ్ ముఖం వైపు చూడటానికి నాకు భయమేసింది. ఆయన మాత్రం అరవలేదు. నింపాదిగా నడిచి వెళ్లి, స్కూటర్ తాళం తిప్పి తీసుకొని, ఆ మనిషి భుజం మీద చెయ్యి వేశాడు. పక్కనున్న నాకే వినీ వినపడనంత చిన్నగా అన్నాడు.

"నడువు. చౌకీల మాట్లాడుకుందం."

ఆ మనిషి ముఖంలో నెత్తుటిచుక్క లేదు.

చౌకీ అంటే పెద్దదేమీ కాదు. రేకుల షెడ్డు, ఒక బల్ల, రెండు కుర్చీలు. లోపలికి రాగానే పెద్దసాబ్, "ఠాణాకు సెట్‌ల చెప్పు. దొంగ పోలీస్ దొరికిండని" అన్నాడు నాతో. నేను వైర్‌లెస్ సెట్ వైపు చెయ్యి చాపాను గానీ నొక్కలేదు.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. లైసెన్స్ లేకుండా బండి నడిపితే చలాన్. అంతే, జరిమానాతో పోతుంది. పోలీసు బట్టలు తొడుక్కొని పోలీసునని జనాన్ని నమ్మించడం అలా కాదు. అది క్రిమినల్ కేసు. లోపలేస్తారు. చిన్న జరిమానా తప్పించుకోబోయి జైలు నెత్తికి తెచ్చుకుంటున్నావని కృష్ణానగర్‌లో ఏ ఒక్కడూ అతనికి చెప్పలేదు.

"అయ్యబాబోయ్, నేను దొంగని కాదండీ బాబూ, ఆర్టిస్టునండి!" అని అతను రెండు చేతులూ జోడించాడు. గోదావరి యాస. ముప్పై దాటిన మనిషి. లైసెన్స్ లేదు, ఖాకీ చూస్తే ట్రాఫిక్‌వాళ్లు ఆపరన్న మాట నమ్మి ఇంటి దగ్గరే తొడుక్కొని బయల్దేరాడట. ఊళ్లో నాటకాలాడి పేరు తెచ్చుకొని, పెళ్లాన్ని తీసుకొని వచ్చి, కృష్ణానగర్‌లో ఒక గదిలో ఉంటున్నాడట. వచ్చిన దగ్గర్నుంచీ గుంపులో నిలబడే వేషాలే. మొదటిసారి నిన్న ఇన్‌స్పెక్టర్ వేషం ఇచ్చారట. ఇంట్లోకి వచ్చే షాట్ నిన్న తీశారు. డైలాగ్ చెప్పే షాట్ ఇవాళ.

"మరి డ్రెస్సు ఆడ ఇప్పి రావాలె గద?" అన్నాను నేను.

"ఎలా వదిలేస్తానండి! అక్కడ వదిలితే పొద్దున్నే ముందొచ్చినవాడు తొడుక్కుంటాడండి. డ్రెస్సు ఎవడికి పడితే వేషం వాడిదేనండి. కాస్ట్యూమర్ గారి కాళ్లూవేళ్లూ పట్టుకొని ఇంటికి తెచ్చుకున్నాను. మా ఆవిడ ఇస్త్రీ బండి దగ్గర నిలబడి చేయించుకొచ్చిందండి. నేను టయానికి వెళ్లకపోతే నిన్న తీసింది పీకేసి ఇంకోణ్ణి పెట్టి తీస్తారు. ఇంక నన్ను పిలవరండి. జన్మలో పిలవరు."

"బూట్లు?"

"నడుం పైకే ఫ్రేమండి. బూట్లు కాళ్లు కనపడేవాళ్లకే ఇస్తారండి."

నాకు లోపల్లోపల నవ్వు, పైకి జాలి. "సాబ్, జర సోచాయించుండ్రి. పెండ్లయినోడు" అన్నాను. పెద్దసాబ్ నావైపు చూడలేదు. బయట టీకొట్టు దగ్గర నవ్వులు ఇంకా వినపడుతూనే ఉన్నాయి, అవి ఆయన చెవుల్లోనే పడుతున్నాయి.

"ఒక్కటి చెప్పు. నేను సెల్యూట్ కొట్టిన. దారిచ్చినం. పోతే పోయేటోనివి. మరి బండెందుకు ఆపినవ్?"

అతను టోపీ తీసి బల్లమీద పెట్టాడు.

"ఇన్నాళ్లూ పోలీసు వేషాలే వేశానండి. అన్నీ వెనక వరస కానిస్టేబుళ్లే. హీరోగారొస్తే సెల్యూట్. మంత్రి వేషమొస్తే సెల్యూట్. టేకు టేకుకీ కొట్టి కొట్టి చెయ్యి అరిగిపోయిందండి. నాకెవరూ కొట్టలేదు. ఇవాళ మీరు అలా బూట్లు కలిపి, నిజంగా, అంత గట్టిగా కొట్టేసరికి..." భుజం మీది నక్షత్రాలు తడుముకున్నాడు. "నాకు కాదు, బట్టలకని తెలుసండి. కానీ తీసుకోకుండా పోవడానికి మనసొప్పలేదండి."

ఆ చెక్‌పోస్టు మీదుగా రోజుకెన్ని ఆఫీసర్ల జీపులు పోయేవో, పెద్దసాబ్ ఎన్నిసార్లు సెల్యూట్ కొట్టేవాడో నేను చూస్తూనే ఉన్నాను. కొందరు అద్దం కూడా దించేవాళ్లు కాదు. ఆయనకు తిరిగి ఒక నవ్వైనా దొరికిన రోజు నాకు గుర్తులేదు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

"చొక్కా ఇప్పు" అన్నాడు చివరికి.

అతను చొక్కా విప్పి బల్లమీద పెట్టాడో లేదో, బయట జీపు ఆగిన చప్పుడు. మా ఇన్‌స్పెక్టర్ గారు, నిజం ఇన్‌స్పెక్టర్, రౌండ్స్‌కు వచ్చారు. నేను చొక్కా మీద పేపరు కప్పాను గానీ టోపీ బల్లమీదే ఉండిపోయింది. ఆయన గుమ్మంలోంచే బనీను మనిషిని చూసి, "ఎవరితను?" అన్నారు.

"లైసెన్స్ లేని కేస్ సార్. చలాన్ రాస్తున్నం" అన్నాడు పెద్దసాబ్.

"ఆ టోపీ?"

"షూటింగోళ్లది సార్. వాళ్లకు అందియ్యాలె."

ఇన్‌స్పెక్టర్ గారు టోపీ చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి, "మనవాటికన్నా వీళ్లవే మంచిగుంటయి" అని నవ్వి, బల్లమీద పెట్టేసి వెళ్లిపోయారు. పెద్దసాబ్ సెల్యూట్ కొట్టాడు. జీపు అద్దం దిగలేదు.

పెద్దసాబ్ చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. అయినా అలాంటి సగం నిజం ఆయన నోట వినడం నాకదే మొదలు, అదే ఆఖరు.

"రాయి" అన్నాడు నాతో. "లైసెన్స్ లేదు. చెయ్యి చూపెట్టినా ఆగలే. రెండూ రాయి."

"అంతేనాండి?" అన్నాడు అతను నమ్మలేక.

"ఇంకేం గావాలె? కోర్టుకు పోయి కట్టు. పోలీసోడు రాకపోతే కొట్టేస్తరని ఎవడన్న చెప్తే ఇనకు. నేనొస్త." టోపీ అతని చేతికిచ్చి, "ఇంతకు నీ డైలాగేంది?" అన్నాడు.

అతను బనీను మీదే లేచి, ఛాతీ విరిచి, రేకులు అదిరేలా నాటకాల గొంతుతో, "నడు! స్టేషన్‌లో మాట్లాడుకుందాం!" అని గర్జించాడు. పెద్దసాబ్ చెవులు మూసుకున్నాడు.

"గదేంది ఆ అరుసుడు? ఇందాక నిన్ను నేనెట్ల తీస్కొచ్చిన? అరిచిననా?"

అతను వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, చిన్నగా అన్నాడు. "నడు. స్టేషన్‌లో మాట్లాడుకుందాం." ఒట్టు, ఏ తప్పూ చెయ్యని నేనే అతని వెంట గుమ్మం వైపు రెండడుగులు వేశాను. పెద్దసాబ్ మీసాల కింద ఏదో కదిలింది. అది నవ్వేనని నేనంటాను.

లైసెన్స్ లేనివాడితో స్కూటర్ నడిపించలేం కదా, నన్నే దింపిరమ్మన్నాడు. ముందు నేను తెల్లచొక్కాలో, వెనక అతను బనీనుతో, ఒళ్లో పేపరు చుట్టిన యూనిఫాం చొక్కా, టోపీ. దారిపొడుగునా జనం దొంగను పట్టుకుపోతున్నాననే చూశారు. షూటింగ్ జరిగే బంగళా దగ్గర మేనేజరు నన్ను చూడగానే కంగారుపడి కాఫీ తెప్పించాడు. షాట్ అయ్యేదాకా నేను కదల్లేదు. మొదటి టేకులో అతను పాత అలవాటుకొద్దీ గర్జించాడు. డైరెక్టర్ కట్ అన్నాడు. రెండోసారి లైట్ల వెనక నిలబడ్డ నావైపు ఒకసారి చూసి, విలన్ భుజం మీద చెయ్యి వేసి, చౌకీలో అన్నట్టే అన్నాడు. డైరెక్టర్ ఓకే అన్నాక లైట్‌బాయ్‌లు చప్పట్లు కొట్టారు.

ఆ సినిమా వచ్చినప్పుడు పెద్దసాబ్ తనంతట తానే, "నడువు, మ్యాట్నీకి పోదాం" అన్నాడు. ఆయన సినిమాకు రావడం మాకు వింతే. మనవాడి సీన్ రాగానే కుర్చీలో ముందుకు జరిగాడు. తలుపు తెరుచుకుంది. తెరనిండా మనవాడి ముఖం. పెదాలు కదిలాయి. వచ్చిన గొంతు మాత్రం అతనిది కాదు. ఎవరిదో బరువైన గొంతు, డబ్బింగ్‌లో పెట్టేశారు. చిన్న వేషాలవాళ్లకు అది మామూలేనని నాకు తర్వాత తెలిసింది. పెద్దసాబ్ లేచి నిలబడి, "గొంతు వానిది కాదు!" అని హాల్లో అందరికీ వినపడేలా అరిచాడు. వెనకవాళ్లు, "కూసో పెద్దాయనా!" అన్నారు. ఇంటర్వెల్‌లోనే బయటికి వచ్చేశాం. "ఖాకీ ఏస్కుంటె కేసు. మరి ఒకని నోట్లె ఇంకొకని గొంతు పెడితే ఏ కేసు లేదా?" అని దారంతా గొణుగుతూనే ఉన్నాడు.

కొన్నాళ్లకు ఒక పొద్దున పెద్దసాబ్ చెయ్యెత్తి కృష్ణానగర్ వైపు బండ్లను ఆపాడు. అన్నిటికంటే ముందు, గీతకు ఇవతల బుద్ధిగా ఆగింది ఆ స్కూటర్. మామూలు చొక్కా, మామూలు ప్యాంటు. మేం అడక్కముందే జేబులోంచి లైసెన్స్ తీసి చూపించాడు.

"సినిమా చూశారాండి?"

"చూసిన."

"గొంతు నాది కాదండి." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "మా ఊళ్లో అందరూ చూశారంట. గొంతు మారిపోయిందేంటని మా అమ్మ అడిగిందండి. నేను నిజంగా బాగానే చెప్పానండి. ఎవరికీ తెలీదు."

"నాకెర్క లేదా? నువ్వు చెప్పింది చౌకీల నేను ఇన్న గద."

అతను తలూపాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పెద్దసాబ్ అతని ముఖం చూశాడు. తర్వాత కావాలనే తల వంచి, కిందికి చూశాడు. అవే హవాయి చెప్పులు, అదే పిన్నీసు. వాటిని బాగా చూసుకొని తలెత్తి, బూట్లు రెండూ టక్కున కలిపి, నేల అదిరేలా సెల్యూట్ కొట్టాడు.

ఈసారి అతను ఇంజన్ ఆపాడు. స్కూటర్ దిగి స్టాండు వేశాడు. నిటారుగా నిలబడి కుడిచెయ్యి ఎత్తాడు. అన్ని వైపులా హారన్లు మోగుతున్నాయి. వాళ్లిద్దరూ చేతులు దించేదాకా నేను ఒక్క బండినీ కదలనివ్వలేదు.